‘మ్యాజిక్ రెమెడీ’ అనే చట్టపదం, ‘మందు’ అనే దేశ్యపదం: ఒక అర్థచరిత్ర పరిశీలన

1954లో భారత పార్లమెంటు చేసిన 21వ చట్టం పేరులో రెండు నామవాచకాలు పక్కపక్కన నిలిచాయి. ఒకటి ‘డ్రగ్స్’, రెండవది ‘మ్యాజిక్ రెమెడీస్’. వ్యాధులు నయం చేస్తామని మభ్యపెట్టే ఆక్షేపణీయ ప్రకటనలను నిషేధించడం ఆ చట్టం ఉద్దేశం. 1955 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. దాని పేరును తెలుగులోకి తేవాలని కూర్చున్నవారికి మొదటి పదంతో పేచీ లేదు, ‘మందులు’ అంటే సరిపోతుంది. చిక్కంతా రెండవ పదంతోనే. ‘ఇంద్రజాలం’ అంటే అది కనికట్టు, వినోదవిద్య. ‘మాయ’ అంటే వేదాంతం అడ్డువస్తుంది. ‘మంత్ర చికిత్స’ అంటే తాయెత్తు బయట పడిపోతుంది. ఏ తెలుగు ఇంట్లోనైనా అడిగి చూస్తే దానికీ వచ్చే సమాధానం ‘మందు’ అనే. అంటే చట్టం విడదీసిన రెండు వస్తువులను తెలుగు ఒకే మాటతో పిలుస్తున్నది. ఈ తేడాను అనువాద సమస్యగా కాక అర్థచరిత్ర సమస్యగా చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణలు ప్రధానంగా కొత్తగూడెం బొగ్గుగనుల ప్రాంతపు వాడుక నుంచి, కొన్ని కావ్యభాష నుంచి తీసుకోవడం జరిగింది.

ఆంగ్లంలో ఈ పదకుటుంబం

ఆంగ్లం మొదటినుంచీ ఈ రెండింటినీ విడదీసి మాట్లాడిందని అనుకుంటే పొరపాటు. ‘మ్యాజిక్’ అనే మాట ప్రాచీన పారశీక పురోహితులైన మాగీల పేరు నుంచి గ్రీకు, లాటిన్‌ల మీదుగా వచ్చింది. అంటే పరాయివాడి పూజావిధానానికి పెట్టిన పేరు. ‘రెమెడీ’ లాటిన్‌లో నయంచేయడాన్ని తెలిపే ధాతువుకు చెందినది. ‘పనేసియా’ గ్రీకులో సర్వరోగ నివారిణి. ‘ఎలిగ్జిర్’ అరబ్బీ ‘అల్ ఇక్సీర్’ నుంచి వచ్చింది, దాని వెనుక గాయాల మీద చల్లే పొడిని తెలిపే గ్రీకు మాట ఉంది. ‘టాలిస్మన్’ అరబ్బీ ‘తిల్సమ్’, దాని వెనుక గ్రీకు ‘తెలెస్మ’. ‘ఛార్మ్’ లాటిన్‌లో పాటకు, మంత్రగీతానికి వాడిన ‘కార్మెన్’ నుంచి పుట్టింది.

వీటిలో అర్థచరిత్ర దృష్టితో అందరికంటె ఆసక్తి గొలిపేది ‘నాస్ట్రమ్’. లాటిన్‌లో దీనికి ‘మాది’ అని మాత్రమే అర్థం. తన గుప్తయోగాన్ని అమ్ముకునే వైద్యుడు సీసా మీద ‘మాది’ అని చెప్పుకున్నాడు, ఆ సర్వనామమే నకిలీ మందుకు పేరుగా దిగజారింది. అర్థాపకర్షకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. మందు పేరు బయటపెడితే పనిచేయదనే నమ్మకం మన పల్లెల్లోనూ బలమైనదే. రహస్యమే మందులో సగభాగమని రెండు సమాజాలూ నమ్మాయి.

అయితే అమ్మకపు మాటలో ఒక తేడా ఉంది. ఐరోపా వైద్యుడు ‘మాది’ అన్నాడు. తెలుగు బజారులో మూలికలమ్మేవాడు తరచుగా ‘కోయవారిది’ అంటాడు. నెమలి ఈకలతో, పూసలతో కోయదొర వేషం కట్టి, ధాటిగా మాట్లాడుతూ జోస్యమూ మందూ కలిపి అమ్మేవారిని తెలుగు పట్టణాలన్నీ ఎరుగును. కోయలు నిజంగా నివసించే భద్రాద్రి జిల్లాలో నిలబడి చూసినప్పుడు ఈ పేరు వింతగానే ఉంటుంది. మాగీల పేరు ఐరోపాలో ఏమైందో కోయల పేరు ఇక్కడ అదే అవుతున్నది: ఎదుటివారి జాతినామం మన మాయకు విశేషణం కావడం.

షేక్స్పియర్ ‘ఒథెల్లో’ మొదటి అంకంలో డెస్డిమోనా తండ్రి చేసే అభియోగం కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. తన బిడ్డకు మంత్రాలు పెట్టారని, బజారు వైద్యుల దగ్గర కొన్న మందులు పెట్టారని ఆయన ఒకే ఊపిరిలో అంటాడు. ఆయన భాషలో ‘డ్రగ్’, ‘ఛార్మ్’ వేరువేరు నేరాలు కావు. మరో మూడున్నర శతాబ్దాల తరువాత అదే భాషలో రాసిన మన చట్టం వాటిని వేరుచేసింది. కాబట్టి ఈ విభజన ఆంగ్లభాషా సహజం కాదు, ఆధునిక వైద్యం ఆ భాషకు తెచ్చిపెట్టినది. గ్రీకు ‘ఫార్మకాన్’ ఔషధం, విషం, వశీకరణం అనే మూడర్థాలనూ మోసిన సంగతి సాహిత్య సిద్ధాంత విద్యార్థులకు దెరిదా 1968 నాటి ప్లేటో వ్యాసం ద్వారా సుపరిచితమే. ‘మందు’ను ఆ కోణంలో చూసిన సందర్భాలు మాత్రం తక్కువ.

చట్టం ఇచ్చిన నిర్వచనం

చట్టం రెండవ సెక్షన్‌లో ‘మ్యాజిక్ రెమెడీ’ నిర్వచనం ఉంది. తాయెత్తు, మంత్రం, కవచం, మరే విధమైన రక్షయైనా సరే, మనుషుల లేదా పశువుల వ్యాధిని కనిపెట్టడానికి, నయం చేయడానికి, ఉపశమింపజేయడానికి, నివారించడానికి అద్భుతశక్తి కలదని చెప్పబడితే అది దీనికిందికి వస్తుంది. శరీర నిర్మాణాన్ని గాని అవయవాల పనిని గాని ప్రభావితం చేస్తుందని చెప్పినా అంతే. గమనించవలసిన విషయం, ఆంగ్లపాఠంలోనే ‘మంత్ర’, ‘కవచ’ అనే మాటలు యథాతథంగా ఉన్నాయి. ‘మ్యాజిక్’ అనే మాట ఒక్కటే ఇక్కడి వస్తువును పట్టుకోలేదని చట్టం రాసినవారికి తెలుసు. ఆంగ్లపదానికి అర్థం చెప్పడానికి సంస్కృతపదాలను అరువు తెచ్చుకున్న నిర్వచనం ఇది.

మన సంప్రదాయంలో ‘మణి మంత్ర ఔషధాలు’ అనే త్రయం ప్రసిద్ధం. వాటి ప్రభావం ఊహకందదని సంస్కృత నానుడి. చట్టం ఈ త్రయాన్ని చీల్చింది. మణిని, మంత్రాన్ని ‘మ్యాజిక్ రెమెడీ’లో చేర్చి ఔషధాన్ని ‘డ్రగ్’ వైపు పంపింది. ఇలాంటి విభజన మన శాస్త్రాలకు తెలియదని చెప్పడానికి వీల్లేదు. చరకసంహిత సూత్రస్థానం దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని చికిత్సను మూడుగా చెప్పింది. మంత్రం, మణిధారణం, బలి, హోమం మొదటిదానిలోనివి, ఆహార ఔషధాల యోజన రెండవది. అయితే దైవవ్యపాశ్రయపు పట్టికలో కూడా ఓషధి ఉంది. అక్కడ అది జీర్ణమయ్యే పదార్థంగా కాక ధరించే రక్షగా ఉంది. అంటే శాస్త్రం వస్తువును బట్టి కాక వినియోగాన్ని బట్టి విభజించింది. 1954 చట్టం చాలావరకు వస్తువును బట్టి విభజించింది. తరువాతి చిక్కులకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

‘ప్రకటన’ అనే మాటకు ఇదే చట్టం ఇచ్చిన నిర్వచనం కూడా ఒకసారి చదవదగినది. కరపత్రం, చీటీ, పొట్లం కాగితమే కాక నోటితో చేసే ప్రకటన, వెలుతురుతో, శబ్దంతో, చివరికి పొగతో చేసే ప్రకటన కూడా అందులోకి వస్తాయి. బస్టాండు దగ్గర మైకు పట్టుకున్న మూలికలవాడు చట్టానికి చిక్కుతాడు. వంటింట్లో గుసగుసగా చెప్పే మాట చిక్కదు.

కొత్తగూడెం వాడుకలో ‘మందు’

తమిళ ‘మరుందు’, మలయాళ ‘మరున్ను’, కన్నడ ‘మద్దు’, తెలుగు ‘మందు’ సజాతీయాలని బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961) చూపింది. ఈ నాలుగు భాషల్లోనూ ఈ పదం ఔషధానికే పరిమితం కాకపోవడం విశేషం. మలయాళంలో ‘వెడిమరున్ను’, కన్నడలో ‘మద్దుగుండు’, తెలుగులో ‘తుపాకిమందు’ ఒకే అర్థవ్యాకోచానికి సాక్ష్యాలు. అటు వశీకరణార్థంలో కన్నడ ‘కైమద్దు’, తమిళ ‘ఇడుమరుందు’, తెలుగు ‘ఇడుమందు’ వరుసగా నిలుస్తాయి. మలయాళం మాత్రం ఆ వస్తువును ‘కైవిషం’ అని, ఉన్నమాట ఉన్నట్టు పిలిచింది.

ఈ అర్థాలన్నీ ఒకే ఊరిలో, ఒకే రోజు వినబడే చోటు బొగ్గు ప్రాంతం. 1871లో విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గును గుర్తించడంతో మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి, కొత్తగూడెం దాని కేంద్రస్థానం కావడంతో ఈ నేలకు అన్ని దిక్కులనుంచీ మనుషులు వచ్చారు. బాయిలో బొగ్గుకు తూట్లు వేసి కూరేది మందు. పత్తిచేనుకు కొట్టేది మందు. డ్యూటీ దిగినవాడు వేసుకునేది మందు. దవాఖానలో ఇచ్చేది మందు. అప్పులపాలైన రైతు తాగి ప్రాణం తీసుకునేదీ మందే. ‘మందు తాగిండు’ అనే వాక్యం జ్వరపడ్డవాడి గురించి కావచ్చు, సారా తాగినవాడి గురించి కావచ్చు, చనిపోయినవాడి గురించి కావచ్చు. వినేవాడు చెప్పేవాడి గొంతును బట్టి గ్రహిస్తాడు.

‘పెట్టు’ క్రియతో ఈ పదం చేరినప్పటి తీరు మరింత సూక్ష్మం. ‘పుండుకు మందు పెట్టిండ్రు’, ‘బండకు మందు పెట్టిండ్రు’, ‘ఎలుకలకు మందు పెట్టిండ్రు’, ‘వానికి మందు పెట్టిండ్రు’. నాలుగు వాక్యాల నిర్మాణం ఒకటే, చతుర్థీ విభక్తి ఒకటే. మొదటిది చికిత్స, రెండవది పేలుడు, మూడవది విషప్రయోగం. నాల్గవదానికి వచ్చేసరికి, వేరే ఏ వివరమూ లేకుండానే, చేతబడికి దగ్గరి అర్థం వస్తున్నది. రోగికి ఔషధం ఇచ్చారని చెప్పదలిస్తే ‘ఇచ్చిండ్రు’, ‘తాగిపిచ్చిండ్రు’, ‘ఏసిండ్రు’ అని మరో క్రియ వాడక తప్పదు. మనిషి చతుర్థిలో, ‘పెట్టు’ క్రియగా ఉన్న ఈ ఒక్క స్థానాన్ని భాష అపనమ్మకానికి కేటాయించింది. ‘పెట్టడం’ అన్నం పెట్టే క్రియ కూడా కావడం ఇందుకు కారణం కావచ్చు. అన్నం పెట్టే చెయ్యే మందు పెడుతుందనే భయం ఈ నుడికారంలో ఉంది.

తాయెత్తు, రక్షరేకు, అంత్రం, దారం, ఉర్దూ ప్రభావంతో వచ్చిన తావీజు వంటి మాటలకు ఈ ప్రమాదం లేదు. అవి కంటికి కనబడే వస్తువులకు పేర్లు, రక్షణార్థకాలు. చట్టం ప్రధానంగా పట్టుకున్నది వీటినే. ‘మందు’ను అది చూడలేదు.

కావ్యభాషలో రెండు సాక్ష్యాలు

పెద్దన ‘మనుచరిత్ర’లో సిద్ధుడు ప్రవరుడి పాదాలకు పూసిన లేపాన్ని తెలుగు సాహిత్యంలో అత్యంత ప్రసిద్ధమైన ‘మ్యాజిక్ రెమెడీ’ అనవచ్చు. కాని పెద్దన దాన్ని మంత్రమనలేదు, పసరన్నాడు, మందన్నాడు. అది పనిచేయకపోవడానికి కారణం కూడా మంత్రలోపం కాదు. హిమాలయపు మంచు తగిలి కరిగిపోయింది. ఆకాశగమనాన్ని ఇచ్చేంత అద్భుతమైనదైనా, నీళ్లకు కరిగే భౌతికస్వభావం దానిది. కథ మొత్తం ఆ కరగడం మీద నడిచింది. పాదలేపం జపించవలసిన మంత్రమే అయితే ప్రవరుడు మళ్లీ జపించుకుని ఇంటికి వెళ్లేవాడు, వరూధిని కథ ఉండేది కాదు.

అక్కడ ‘మందు’ మీద ‘ఇడు’ క్రియ చేరి ‘మందు ఇడటం’ అయినప్పుడు అర్థం నిర్దోషం. అదే క్రియ ముందుకు వచ్చి ‘ఇడుమందు’ అనే సమాసమైతే వశీకరణం. నేటి వాడుకలో దీని పేరు ‘పెట్టుడుమందు’. క్రియ మారింది గాని సమాసనిర్మాణమూ అర్థమూ చెక్కుచెదరలేదు.

రెండవ సాక్ష్యం ఆరణ్యపర్వంలో ఎఱ్ఱన రచించిన భాగంలోని సత్యాద్రౌపదీ సంవాదం. భర్తలను వశం చేసుకున్న ఉపాయం మంత్రమా, ఔషధమా అని సత్యభామ అడుగుతుంది. ద్రౌపది జవాబును సాధారణంగా పాతివ్రత్య ధర్మోపదేశంగా బోధిస్తారు. అందులో ఒక వైద్యవాదం కూడా ఉందన్న సంగతి మరుగున పడింది. అటువంటి ప్రయోగాల వల్ల ప్రేమ కలగదు, తెలిసిన మగడు ఇంట్లో పాము ఉన్నట్టు భయపడతాడు, పైగా ఆ మందులు రోగాలు తెచ్చిపెడతాయి. సంస్కృతమూలం జలోదరం, కుష్ఠు, చెవుడు వంటివాటిని వరుసగా పేర్కొంటుంది. ద్రౌపది ఆ మందులు పనిచేయవని అనలేదు. అవి విషంగా పనిచేస్తాయి, వశీకరణంగా పనిచేయవు అన్నది. ‘మందు’ అనే ఒకే మాట లోపలి భౌతికప్రభావాన్నీ మాయాప్రభావాన్నీ ఆమె వేరుచేసి, మొదటిదాన్ని ఒప్పుకుని రెండవదాన్ని తోసిపుచ్చింది. చట్టం రెండు పదాలతో చేసిన పనిని ఆమె ఒక్క పదంతోనే చేసింది. ఎఱ్ఱనను ఈ దృష్టితో మళ్లీ చదవవలసి ఉన్నది.

చేపమందు నుంచి చేపప్రసాదానికి

పదం మారితే వస్తువు చట్టంలో ఎక్కడ నిలబడుతుందో హైదరాబాదు ఉదాహరణ చెబుతుంది. ఏటా మృగశిర కార్తె వేళ బత్తిని కుటుంబం ఉబ్బసరోగులకు పంచేది దశాబ్దాల పాటు ‘చేపమందు’ అనే పేరుతోనే ప్రసిద్ధం. 1845లో ఒక సాధువు తమ పూర్వికుడికి ఈ యోగం చెప్పాడని ఆ కుటుంబం చెప్పే కథ. బతికివున్న చిన్న కొరమీను నోట పసుపురంగు ముద్ద పెట్టి రోగితో మింగిస్తారు, శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. డబ్బు తీసుకోరు. యోగాన్ని బయటపెట్టరు. దూద్‌బౌలిలోని ఇంటినుంచి పంపిణీ పెద్ద మైదానాలకు మారింది, ప్రభుత్వ యంత్రాంగం ఏర్పాట్లు చేసేంతగా పెరిగింది. కరోనా కాలంలో ఆగి 2023లో తిరిగి మొదలైంది.

జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు దీని శాస్త్రీయతను ప్రశ్నించి న్యాయస్థానాలదాకా వెళ్లిన తరువాత ‘చేపమందు’ ‘చేపప్రసాదం’ అయింది. ముద్ద మారలేదు, కొరమీను మారలేదు, మృగశిర మారలేదు. మాట మారింది. ‘మందు’ అన్నప్పుడు ఇందులో ఏముంది, ఎంత పాళ్లలో ఉంది, ఎవరికి నయమైంది అని అడగవచ్చు. ‘ప్రసాదం’ అన్నప్పుడు ఆ ప్రశ్నలు అడగడం అమర్యాద. చరకుని పరిభాషలో చెబితే, యుక్తివ్యపాశ్రయం నుంచి దైవవ్యపాశ్రయానికి ఒక్క నామకరణంతో బదిలీ జరిగింది. ‘డ్రగ్’ కాదు, అద్భుతశక్తి ఉందని ఎవరూ నోటితో చెప్పరు కనుక ‘మ్యాజిక్ రెమెడీ’ కూడా కాదు. రెండు పదాల మధ్య ఖాళీలో అది నిలబడింది. వాడుకలో మాత్రం పాత మాట పోలేదు. వరుసలో నిలబడినవారు ఇప్పటికీ చేపమందుకు వచ్చామనే అంటారు. నయమవుతుందని ఆశించే మనిషికి ‘మందు’ను మించిన మాట లేదు మరి.

పెట్టుడుమందు

చేపమందులో ప్రమాదం రోగి నమ్మకానికి మాత్రమే సంబంధించినది. పెట్టుడుమందు సంగతి వేరు. తగ్గని కడుపునొప్పి, తిండి సహించకపోవడం, మనిషి చిక్కిపోవడం వంటి లక్షణాలకు ‘మందు పెట్టిండ్రు’ అనే నిర్ధారణ వస్తే వైద్యం ఆగిపోతుంది. ఆపై ‘ఎవరు?’ అనే ప్రశ్న వస్తుంది. పెట్టు అనే సకర్మక క్రియకు కర్త ఉండి తీరాలి. జ్వరం ‘వస్తుంది’, దిష్టి ‘తగులుతుంది’. ఆ వాక్యాల్లో మనిషి కర్తగా ఉండనవసరం లేదు. మందును మాత్రం ఎవరో పెట్టాలి. ఆ కర్తృస్థానంలోకి ముందుగా వచ్చేది వండి వడ్డించే స్త్రీ. కోడలు, సవతి, ఒంటరిగా ఉండే పొరుగామె. చేతబడి అనుమానంతో తెలంగాణ పల్లెల్లో జరిగిన హత్యల వార్తలు చదివేవారికి ఈ వ్యాకరణం ఎంత దూరం వెళ్లగలదో వేరుగా చెప్పనక్కరలేదు.

‘మందు తీసేవాడు’ చేసే పని చూడండి. పసరు తాగించి కక్కిస్తాడు, కక్కినదానిలో ఒక ఉండనో వెంట్రుకల చుట్టనో చూపి ఇదే మందు అంటాడు. తాగించినది వాంతి తెప్పించే పదార్థం కనుక అది ‘డ్రగ్’. చూపించినది పెట్టినట్టుగా ఊహించిన పదార్థం, అదీ చట్టం భాషలో ‘మ్యాజిక్ రెమెడీ’ కాదు, ఎందుకంటే దానితో రోగం నయమవుతుందని ఎవరూ అనలేదు. రోగం తెచ్చిందని అన్నారు. 1954 నిర్వచనం నయం చేసే మాయను గురించి మాత్రమే మాట్లాడింది. రోగం తెచ్చే మాయకు అందులో చోటు లేదు. శరీరాన్ని ‘ప్రభావితం చేయడం’ అనే చివరి మాటను సాగదీసి చదివినా, నేరం ప్రకటనది మాత్రమే. మందు తీసేవాడు ప్రకటన వేయడు. అతని పేరు నోటినుంచి నోటికి పోతుంది.

హందర్ద్ దవాఖానా కేసులో 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పరిమితిని మరో వైపునుంచి స్పష్టం చేసింది. ఇటువంటి ప్రకటనలు వ్యాపారంలో భాగమని, వాటిని అభిప్రాయ ప్రకటనగా కాపాడనక్కరలేదని న్యాయస్థానం భావించింది. చట్టం చూపు అంగడి మీద ఉంది. పెట్టుడుమందు అంగడి వస్తువు కాదు, ఇంటి మాట.

మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చేసిన చట్టాలు ‘మ్యాజిక్’కు ఒక్క నిర్వచనంతో సరిపెట్టుకోకుండా ఆచారాలను అనుబంధంలో ఒక్కొక్కటిగా పేర్కొన్నాయి. తెలుగులో అటువంటి పట్టిక రాయవలసి వస్తే ‘మందు పెట్టడం’ అని రాయకూడదు. అలా రాస్తే జరగని పనిని జరిగినట్టు చట్టమే ఒప్పుకున్నట్టవుతుంది, పెట్టినదని అనుమానించబడిన ఆమె ముద్దాయి అవుతుంది. రాయవలసినది ‘మందు పెట్టారని చెప్పడం’, ‘మందు తీస్తామని కక్కించడం’. నిఘంటువుల్లోనూ ‘ఇడుమందు’, ‘పెట్టుడుమందు’ ఆరోపాల దగ్గర ‘వశపరచుకొనుటకు పెట్టు మందు’ అనే తీరులో అర్థం చెప్పడం పరిపాటి. అక్కడ ‘పెట్టిరని నమ్మబడు’ అనే రెండు మాటలు చేర్చవలసి ఉన్నది.